గోత్రం ముందు, పేరు తర్వాత

గ్రీసులోని థెస్సలోనికిలో మొదటి రోజు పొద్దున్నే మా ఆయన లాప్‌టాప్ తెరిచి నాకో ఎక్సెల్ షీట్ చూపించాడు. పదిహేను పాత కట్టడాలు, రెండు రోజులు. ప్రతి చర్చి పేరుకీ ఎదురుగా ఎన్ని నిమిషాలో రాసి ఉంది. ఒకదానికి పన్నెండు, ఇంకోదానికి ఎనిమిది. చివరి గడి టిక్కు పెట్టుకోవడానికట. నాకు అక్కడే ఒళ్ళు మండింది. సిడ్నీ నుంచి ఇంత దూరం ఎగిరి వచ్చింది టిక్కులు పెట్టుకోవడానికా అని అడిగాను.

"మళ్ళీ వస్తామా ఏంటి? వచ్చినప్పుడే అన్నీ చూసెయ్యాలి" అన్నాడు. ఈ మాట నేను పెళ్ళైన కొత్తలో మొదటిసారి తిరుపతి వెళ్ళినప్పటి నుంచీ వింటున్నాను.

ఆయన పనిచేసే యూనివర్సిటీవాళ్ళు ఆ ఊళ్ళో కాన్ఫరెన్సుకి పంపించారు. అది అయిపోయాక మిగిలిన రెండు రోజులకి నేనూ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయీ వెళ్ళి కలిశాం. నిజానికి అక్కడ నాకు ఒకే ఒక్క పని ఉంది. అది కూడా నాది కాదు, మా పక్కింటావిడది.

మేముండేది సిడ్నీ శివార్లలో, రౌస్ హిల్‌లో. మా కంచెకి అవతల ఒక ముసలి గ్రీకు జంట ఉంటారు. సిడ్నీలోనే మారిక్‌విల్‌లో ఇల్లు అమ్ముకుని, మాకంటే ముందే వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ పుట్టింది థెస్సలోనికిలో. పంతొమ్మిదేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. నేను ఆవిణ్ణి ఆంటీ అంటాను. కంచె మీదుగా ఆవిడ నిమ్మకాయలిస్తుంది, నేను కరివేపాకు ఇస్తాను. కరివేపాకుతో ఏం చేస్తుందో నాకిప్పటికీ తెలీదు. వాళ్ళాయన మాత్రం ఎవరితోనూ మాట్లాడడు. ఎదురుపడితే తల ఊపుతాడు, అంతే.

వాళ్ళకి లేకలేక పుట్టిన ఒక్కడే కొడుకు. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం తన యూట్ ట్రక్కు వేసుకుని సౌత్ కోస్ట్ వైపు వెళ్ళాడు. ఆ బండి ఒక బీచ్ కార్‌పార్కులో దొరికింది. మనిషి దొరకలేదు. శవమూ దొరకలేదు.

వాళ్ళ చర్చిలో పూజ జరిగేటప్పుడు పేర్లు చదువుతారు. బతికున్నవాళ్ళ పేర్లు ఒక వరస, పోయినవాళ్ళ పేర్లు ఇంకో వరస. కొన్నేళ్ళు ఎదురుచూసిన తర్వాత తండ్రి ఒక ఆదివారం కొడుకు పేరు తీసుకెళ్ళి పోయినవాళ్ళ వరసలో రాయించాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అక్కడే రాస్తున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఒకే మనిషి పేరు రెండు వరసల్లోనూ చదవరు కాబట్టి, ఆవిడ అసలు ఆ చర్చికి వెళ్ళడమే మానేసింది. ఇదంతా ఆవిడ నాకు చెప్పింది మేము బయల్దేరే ముందు వారం, కంచె దగ్గర, ముక్కలు ముక్కలుగా వచ్చే తన ఇంగ్లీషులో.

"ఊరి నడిమధ్య పెద్ద చర్చి ఉంటుంది. నాకు అక్కడే బాప్తిస్మం ఇచ్చారు. అక్కడ మా ఆయన రాతలేవీ లేవు" అంది. తర్వాత ఒక చిన్న కాగితం నా చేతిలో పెట్టింది. దాని మీద గ్రీకు అక్షరాల్లో ఒక్క పేరు. "వాణ్ణి బతికున్నవాళ్ళలో చదివించు. ఒక్కసారి చాలు. బతికున్నవాళ్ళలో. మర్చిపోకు." ఆ మాట అంటున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు.

నేను ఇంట్లోకి వచ్చి మా ఆయనతో ఏం చెప్పానో తెలుసా? "ఆంటీ వాళ్ళబ్బాయి పేరు మీద అక్కడ అర్చన చేయించమంది" అన్నాను. అంతే. రెండు వరసల సంగతి చెప్పలేదు. చెప్తే ఆయన, మనిషి కనపడకుండా పోయి ఇన్నేళ్ళైతే చట్టం ప్రకారం పోయినట్టే లెక్క అని మొదలుపెడతాడు. ఆ ఉపన్యాసం వినే ఓపిక నాకు లేదు. అర్చన అన్న మాట నోటికి సులువుగా వచ్చింది, అనేశాను.

ఇక ఆ రెండు రోజుల తిరుగుడు. గుండ్రటి పెద్ద కట్టడం ఒకటుంది. రోమన్లు కట్టింది చర్చి అయి, మసీదు అయి, మళ్ళీ చర్చి అయి, చివరికి టికెట్ కొని చూసే చోటైంది. మసీదు నాటి మినార్ ఇంకా పక్కనే నిలబడి ఉంది. పైన గోపురం లోపల బంగారు రంగు రాళ్ళు పొదిగిన మొజాయిక్‌లో మనుషులు చేతులు చాచి ప్రార్థిస్తున్నారు. మా ఆయన తల వంచుకుని, ఫోన్లో దాని గురించి చదివి మాకు వినిపిస్తున్నాడు. ఒక్కసారి తలెత్తి చూడండి మహాప్రభో అన్నాను. చూశాడు, ఫొటో తీశాడు, పన్నెండు నిమిషాలైందన్నాడు.

రోడ్డు కంటే కిందకి దిగి వెళ్ళాల్సిన చిన్న చర్చి ఒకటి. చుట్టూ ఊరు ఎత్తు పెరిగిపోయి అది గుంటలో మిగిలిపోయింది. అక్కడ ఎనిమిది నిమిషాలు. తర్వాత ఎండలో కొండెక్కి పాత వీధుల్లోకి వెళ్ళాం. ఒక ఇంటి వెనకాల దాక్కున్నట్టున్న చిన్న గుడిలో గడ్డం లేని, పిల్లాడి మొహంతో ఉన్న యేసు మొజాయిక్ ఉంది. అక్కడ కాపలా ఉన్నావిడ లైటు వేసి, నా భుజం పట్టుకుని ఒక చోట నిలబెట్టింది. అక్కణ్ణుంచి చూస్తే ఆ మొహం సరిగ్గా నన్నే చూస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకాసేపు నిలబడదామనుకున్నాను. "రా, రా, కోటగోడలు మూసేస్తారు" అన్నాడు మా ఆయన. గోడలు ఎవరైనా మూస్తారా? పదిహేను వందల ఏళ్ళుగా నిలబడ్డ గోడల్ని ఈయన కోసం ఎవరు మూస్తారు?

పక్కనున్న మఠం పెరట్లో నెమళ్ళు తిరుగుతున్నాయి. ఆ రోజంతా మా అమ్మాయి నవ్వింది అక్కడే. అక్కణ్ణుంచీ లాక్కొచ్చాడు.

ఇది ఆ ఊరికొచ్చాక పుట్టిన బుద్ధి కాదు. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుళ్ళో వెంకన్న దగ్గరికి వెళ్ళినా ఇంతే. గంటన్నర కారు నడుపుకుని వెళ్తాం. కారు దిగగానే ఈయన కౌంటర్ దగ్గర పెన్ను తీస్తాడు. పూజారి గోత్రం అడగక ముందే చెప్పేస్తాడు. హారతి కళ్ళకద్దుకుంటూనే జేబులో కారు తాళాలు వెతుకుతాడు. క్యాంటీన్లో పులిహోర నిలబడి తినేసి, ట్రాఫిక్ పెరిగే లోపల ఫ్రీవే ఎక్కాలంటాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆంటీ చెప్పిన పెద్ద చర్చికి చేరాం. అప్పటికి మా అమ్మాయి తిండి లేక నీరసపడింది. "కెన్ వుయ్ ప్లీజ్ ఈట్ సమ్‌థింగ్?" అని మూడోసారి అడిగింది. ఇది అయ్యాక తిందాంలే అన్నాడాయన. నాకు ఇక పట్టలేదు. చర్చి మెట్ల మీదే తెలుగులో నోరు పారేసుకున్నాను. పిల్లకి తిండి పెట్టకుండా ఏం పుణ్యం మూటగట్టుకుంటారు, మీ షీటు తగలబెట్టండి అని అరిచాను. పావురాలకి గింజలు వేస్తున్న ముసలాయన తలతిప్పి చూశాడు. మా ఆయన మొహం గంటు పెట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల గుమ్మం పక్కనే కొవ్వొత్తుల బల్ల ఉంది. దాని చివర చిన్న చిన్న కాగితాల దొంతర, దారం కట్టిన పెన్ను. జనం కాగితాలు నింపి బుట్టలో వేస్తున్నారు. నేను ఆంటీ ఇచ్చిన కాగితం బ్యాగులోంచి తీసి మా ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీరే రాయండి. ఫారాలు నింపడమంటే మీకు ప్రాణం కదా" అన్నాను వెటకారంగా. అని, నేల కింద ఉన్న పాత గదులు చూడ్డానికి మెట్ల వైపు నడిచాను. అక్కడ బావి ఒకటి ఉంటుందని ఆంటీ చెప్పింది.

వెనక నుంచి పిలిచాడు. "ఇందులో రెండు గడులున్నాయి. పైన గ్రీకులో ఏదో ఉంది. ఏం రాయాలి?"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే మళ్ళీ ఆ మొహం చూడాలి.

"గోత్రం, పేరు. ఇంకేం ఉంటాయి?" అన్నాను.

కింద చల్లగా, తడి రాతి వాసనగా ఉంది. బావి దగ్గర కాసేపు నిలబడ్డాను. కోపం కొద్దిగా దిగింది. పైకి వచ్చేసరికి బుట్టలో కాగితాలు ఎవరో లోపలికి తీసుకెళ్ళిపోయారు.

"రాశారా?"

"పర్ఫెక్ట్‌గా రాశాను. పనిలో పని, మన ముగ్గురి పేర్లు కూడా వేశాను. ఆంటీ వాళ్ళబ్బాయికి గోత్రం తెలీదు కదా, కాశ్యప అని పెట్టాను."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆయన మీద కాస్త ముద్దు కూడా వచ్చింది. గోత్రం తెలియనివాళ్ళకి మన పూజారులు కాశ్యప గోత్రమే చెప్తారు. ఊరు కాని ఊళ్ళో, మతం కాని గుడిలో ఆయనకి అది గుర్తొచ్చింది. బతికున్నవాళ్ళలో చదవమని బల్ల దగ్గరున్న మనిషికి ఒక మాట చెబుదామనుకున్నాను. అప్పుడే ఒక బస్సు నిండా టూరిస్టులు లోపలికి వచ్చారు. ఈయన వాచీ చూస్తున్నాడు. చెప్పేదేముంది, అర్చన అంటేనే బతికున్నవాళ్ళకి కదా అనుకున్నాను. మన గుళ్ళో పోయినవాళ్ళ పేరు అర్చనలో చెప్తామా? వాళ్ళకి వేరే రోజు, వేరే చోటు, నువ్వులూ నీళ్ళూ. ఆ ఊళ్ళో కూడా అంతేనని నా బుర్ర నాకు చెప్పింది. కొవ్వొత్తి వెలిగించి బయటికొచ్చేశాం.

మర్నాడు ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చున్నాం. మా అమ్మాయి ఆ కాగితాన్ని బుట్టలో వేసే ముందు ఫొటో తీసిందట, ఆంటీకి చూపిద్దామని. ఊరికే తోచక, ఆ ఫొటోని ఫోన్లో ఇంగ్లీషులోకి మార్చి చూస్తోంది.

"అమ్మా, ఇట్స్ నాట్ గోత్రం" అంది. "దిస్ సైడ్ సేస్ లివింగ్. అండ్ దిస్ సైడ్... ఫాలెన్ అస్లీప్. లైక్, డెడ్."

ఫోన్ లాక్కున్నాను. ఎడమ వైపు గడిలో, బతికున్నవాళ్ళ కింద, ఇంగ్లీషు అక్షరాల్లో భారద్వాజ అని మూడుసార్లు, కాశ్యప అని ఒకసారి. కుడి వైపు గడిలో, పోయినవాళ్ళ కింద, మా ఆయన పేరు, నా పేరు, మా అమ్మాయి పేరు. వాటి కింద గ్రీకు అక్షరాలు, చుక్కలు పెట్టి ముగ్గు వేసినంత శ్రద్ధగా దించి ఉన్నాయి. పూజారి అడిగే వరసే. గోత్రం ముందు, పేరు తర్వాత.

"సో వుయ్ ఆర్ ఆల్ డెడ్, అండ్ భారద్వాజ ఈజ్ అలైవ్!" అని మా అమ్మాయి పడీపడీ నవ్వింది. మా ఆయనా నవ్వాడు. అప్పుడు చెప్పాను, ఆంటీ నన్ను అసలు ఏం అడిగిందో. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"మీరు ఒక్క నిమిషం ఆగి ఎవరినైనా అడిగితే నోరు అరిగిపోతుందా?"

"నిన్నడిగాను. నువ్వే కదా గోత్రం, పేరు అన్నావు. అర్చన అన్నది కూడా నువ్వే."

అది నిజం కావడంతో నాకు ఇంకా మంట ఎక్కింది. వెనక్కి వెళ్దాం, టాక్సీ పిలవండి అన్నాను. బోర్డింగ్ మొదలైంది, పిచ్చెక్కిందా అన్నాడు. దేవుడికి మన మనసు తెలుసు, కాగితం గడి చూసుకుని ఎవర్నీ చంపడు అన్నాడు. దేవుడి సంగతి నాకు తెలీదు, ఆవిడ సంగతి నాకు తెలుసు అన్నాను. సిడ్నీలో దిగేదాకా ఆయనతో మాట్లాడలేదు.

వచ్చాక పది రోజులు కంచె వైపు వెళ్ళలేదు. బట్టలు గరాజ్‌లో ఆరేశాను. కంచె మీద ప్లాస్టిక్ సంచీలో నిమ్మకాయలు వచ్చి కూర్చున్నాయి, ముట్టుకోలేదు. "చదివారని చెప్పెయ్యవే. ఆవిడేమన్నా వెళ్ళి చూస్తుందా?" అన్నాడు మా ఆయన. నేను ఆయన మీద గయ్‌మన్నాను. అప్పటికే అదే మాట నేను వందసార్లు అనుకుని ఉన్నాను. అందుకే అంత కోపం.

పదకొండో రోజు మా అమ్మాయి స్కూల్ నుంచి వస్తుంటే ఆంటీ పలకరించింది. ఈ పిల్ల ఫొటో ఉందని చెప్పేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆంటీ మా ముందు గుమ్మం దగ్గరికి వచ్చింది. మెడలో కళ్ళజోడు, దువ్వుకున్న జుట్టు.

"ఫొటో చూపించు. మా చర్చి కాగితం చూస్తాను" అంది.

చూపించాను. రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంది. కుడి గడిలో వేలు పెట్టి మా పేర్లు ఒక్కొక్కటే చదివి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. నాలుగో పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఎవరు రాశారు?"

చేతిరాత మా ఆయనది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. "నేనే. నేనే అలా రాయమన్నాను" అన్నాను. మా పూజల్లో వంశం పేరు ముందు చెప్తామని, ఆ గడి దానికే అనుకున్నానని చెప్పాను. చెబుతుంటే నా చెవులకే అసహ్యంగా ఉంది.

"ఈ బతికున్నవాళ్ళెవరు?"

"మా వంశాలకి మూలమైన ఋషులు. ఎన్నో వేల ఏళ్ళ కిందటివాళ్ళు."

ఆవిడ తలూపింది. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇన్నేళ్ళూ మా ఆయనతో ఒక్కదాన్నే కొట్లాడాను. ఇప్పుడు అక్కడ కూడా చదివేశారు" అంది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న మా తలుపు దబదబా బాదిన చప్పుడు. తీస్తే ముసలాయన. మొహం ఎర్రగా ఉంది.

"ఎవడు రాయమన్నాడు నిన్ను? నా కొడుకుని అక్కడ రాయడానికి నువ్వెవరు?"

అప్పటిదాకా నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. "మీరు రాయట్లేదా? ప్రతి ఆదివారం మీరు రాసేదేంటి? నేను తెలీక ఒక్కసారి రాశాను. మీరు తెలిసి రాస్తున్నారు. నన్నా అడగడం?" అని గట్టిగా అరిచాను. మా ఆయన లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు.

ముసలాయన చెయ్యి చాచి, తలుపు చట్రం పట్టుకున్నాడు.

"రాస్తాను. నేను రాస్తాను" అన్నాడు. "ఎందుకు రాయగలను? ఇంట్లో ఆవిడ ఒప్పుకోదు కాబట్టి. ఆవిడ రోజూ భోజనానికి వాడికీ ప్లేటు పెడుతుంది. నేను చర్చికి వెళ్ళి రాసి వస్తాను, ఆవిడ నన్ను తిడుతుంది, వాడికి ప్లేటు పెడుతుంది. నిన్న పెట్టలేదు. ఇవాళ పొద్దున్న గోధుమలు తీసింది. నీకు తెలీదు. పోయినవాళ్ళకి మేము గోధుమలు ఉడికించి చర్చికి తీసుకెళ్తాం. పదకొండేళ్ళలో ఆవిడ తియ్యలేదు. వెళ్ళి ఆపు. తప్పు రాశానని చెప్పు."

"నిన్ననే చెప్పాను" అన్నాను.

"మళ్ళీ చెప్పు."

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. ఆవిడ వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. పెద్ద పళ్ళెంలో గోధుమలు పరుచుకుని, రాళ్ళూ చెత్తా ఏరి పక్కన పెడుతోంది. అది తప్పు కాగితం ఆంటీ, అది లెక్కలోకి రాదు, నేను మళ్ళీ వెళ్ళి సరిగ్గా రాసి వస్తాను, ఆ గోధుమలు తీసెయ్యండి అన్నాను. నా గొంతు కోపంగానే వచ్చింది. నాకు వేరే గొంతు రాదు.

ఆవిడ తలెత్తలేదు. చేత్తో గోధుమల్ని రెండు కుప్పలు చేసి, ఒక కుప్ప ఇంకో పళ్ళెంలోకి తోసి, నా ముందుకి జరిపింది.

"నువ్వే కదా రాశావు. ఏరు" అంది.

కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ముసలాయన నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి మాత్రం రాలేదు.